రెండు రోహిణి కార్తెలు దాటిన తరువాత: హైవే పక్క నర్సరీలో కొన్న పామ్ మొక్కల గురించి

గుంటూరు నుంచి విజయవాడ వెళ్లే జాతీయ రహదారి పక్కన, మంగళగిరికి కాస్త ఇవతల, ఆకుపచ్చ షేడ్‌నెట్ కింద ఎకరం మేర పరుచుకున్న ఒక నర్సరీలో 2023 సంక్రాంతి వెళ్లిన వారం నుంచి అదే ఏడాది కార్తికం వరకు మూడు విడతలుగా పదకొండు పామ్ మొక్కలు కొన్నాను. ఇవాళ్టికి వాటిలో ఏడు బతికి ఉన్నాయి. నర్సరీల మీద అభిప్రాయాలు సాధారణంగా మొక్క ఇంటికి చేరిన వారంలోనే రాసేస్తుంటారు. ఆ వారంలో ఏ మొక్క అయినా నిగనిగలాడుతూనే ఉంటుంది. గుంటూరులో పెట్టిన పామ్ మొక్క సంగతి రోహిణి కార్తె దాటాక గాని తెలియదు, అదీ రెండుసార్లు దాటాక. అందుకే ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

నర్సరీ పేరు కావాలనే రాయడం లేదు. కింద చెప్పబోయే లోపాలలో సగం ఆ రహదారి మీద ఉన్న ఏ నర్సరీలోనైనా ఎదురయ్యేవే. మిగతా సగంలో నా తొందరపాటుకు కూడా వాటా ఉంది.

ముందుగా మా ఇంటి పరిస్థితి చెప్పాలి, ఎందుకంటే అది తెలియకుండా ఏ మొక్క బాగుందో, ఏది బాగా లేదో చెప్పడం అర్థం లేని పని. లక్ష్మీపురంలో తూర్పు ముఖం ఇల్లు. వీధి గేటుకూ వరండాకూ మధ్య నాలుగు అడుగుల వెడల్పున నేల ఉంది, అది నల్లమట్టి. ఉత్తరం వైపు సందులోకి ఎండ నేరుగా పడదు, వెలుతురు మాత్రం వస్తుంది. పడమటి గోడ వేసవి సాయంత్రాల్లో పెనంలా కాలుతుంది. గేటు పక్కన ఒకప్పుడు కొబ్బరి చెట్టు ఉండేది. పక్కింటివారి కారు మీద రెండుసార్లు కాయలు రాలాక దాన్ని కొట్టించక తప్పలేదు. ఆ చోటు బోసిపోయి చూడలేక, కొబ్బరి మట్టల ఛాయ ఉండి, ఎవరి నెత్తి మీదా కాయ వేయని పొట్టి రకాలు ఏవైనా దొరుకుతాయేమోనని ఆ నర్సరీకి వెళ్లాను.

నర్సరీ శుభ్రంగా ఉంటుంది, ఇందులో సందేహం లేదు. మొక్కల మధ్య నడవడానికి దారి ఉంది, కలుపు లేదు, మట్టల వెనక తెల్లదోమ గాని పిండినల్లి గాని నాకు కనిపించలేదు. మొక్కలు చాలా వరకు కడియం వైపు నుంచి లారీల్లో వస్తాయని వారే దాపరికం లేకుండా చెప్పారు. కడియపులంక చుట్టుపక్కల నర్సరీల సంగతి తెలిసినవారికి ఇది కొత్త విషయమేమీ కాదు, కోస్తాలో రోడ్డు పక్క కనిపించే మొక్కల్లో చాలా వాటి పుట్టిల్లు అదే. పనిచేసే కుర్రాళ్లు కూడా అటువారే కావడంతో, ఏది అడిగినా ముందు ఒక "ఆయ్" వినిపిస్తుంది, ఆ తరువాతే సమాధానం. మొక్క కొనమని వెంటపడరు. కవరు విప్పి వేళ్లు చూపించమంటే విసుక్కోకుండా చూపించారు. ఈ ఒక్క కారణానికే నేను రెండోసారి, మూడోసారి కూడా అక్కడికే వెళ్లాను.

ధరలు కూడా న్యాయంగానే ఉన్నాయి. మూడు అడుగుల అరెకా పామ్ కవరు 300 రూపాయలు, నడుము ఎత్తు రాపిస్ 850, ఫీనిక్స్ 600, బాటిల్ పామ్ 700, లికువాలా మాత్రం 1,400. ఆదివారం బేరం సాగదు. పని రోజుల్లో మధ్యాహ్నం పూట వెళితే నాలుగైదు మొక్కల మీద ఒక కవరు వర్మీకంపోస్టు ఉచితంగా వేయించుకోవచ్చు.

ఇక చిక్కు పేర్లతో మొదలవుతుంది. ఈ నర్సరీలో పొడవాటి ఆకు చీలికలున్న ప్రతి మొక్కా 'పామే'. సైకస్‌ను పామ్ అని అమ్ముతున్నారు. అది పామ్ కుటుంబానికి దగ్గర చుట్టం కూడా కాదు, పువ్వు పూయని, గింజ కాయలో దాగకుండా బయటికే ఉండే వివృతబీజ జాతి మొక్క. పైగా దాని గింజలు కుక్కలకు ప్రాణాంతకమైన విషం. ఇంట్లో కుక్క ఉన్నవారు ఆ మాట అడిగితే తప్ప అక్కడ ఎవరూ చెప్పరు. విసనకర్రలా విచ్చుకునే ట్రావెలర్స్ పామ్ కూడా పామ్ కాదు, అరటికి దూరపు బంధువు. అరెకా పామ్ సంగతి మరీ విచిత్రం. వక్కలు కాసే మన పోకచెట్టుకు శాస్త్రీయంగా ఉన్న పేరు అరెకా. కుండీల్లో పెంచే, పసుపు కాడలతో గుబురుగా పెరిగే ఈ అలంకారపు మొక్క మాత్రం మడగాస్కర్ ద్వీపం నుంచి వచ్చిన వేరే జాతి. పాత శాస్త్రజ్ఞులు ఒకప్పుడు దాన్ని అరెకా ప్రజాతిలో చేర్చడంతో ఆ పేరు వ్యాపారంలో అలాగే నిలిచిపోయింది. "వక్కలు ఎప్పుడు కాస్తుందయ్యా?" అని నా పక్కన నిలబడిన పెద్దాయన అడిగితే, కుర్రాడు ఏమాత్రం తడుముకోకుండా "ఐదేళ్లు పడుతుందండి" అన్నాడు. ప్రపంచంలో సుమారు 2,600 పామ్ జాతులున్నాయి కాబట్టి అన్నింటి పేర్లూ తెలియాలని ఎవరూ కోరరు. కానీ అమ్మే పదిహేను రకాల పేర్లు సరిగ్గా తెలియాలని కోరడం అత్యాశ కాదు.

ఈ పేర్ల గందరగోళం వల్ల నేను నష్టపోయింది ఫాక్స్‌టెయిల్ విషయంలో. కార్తికంలో వెళ్లినప్పుడు గేటు పక్కకు నా ఎత్తు దాటని రకం కావాలని స్పష్టంగా అడిగాను. చీటీ లేని ఒక రెండడుగుల మొక్కను చూపించి "ఇది ఇంతేనమ్మా, కుండీ రకం" అన్నారు. ఏడాది తిరిగేసరికి కాండం మోకాలంత లావైంది. మట్టలు నక్కతోకలా చుట్టూ కుచ్చుగా విచ్చుకోవడం మొదలయ్యాక గాని అది ఏమిటో నాకు తెలియలేదు. ఫాక్స్‌టెయిల్ పామ్ ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ఉత్తర కొసన, కేప్ మెల్విల్ అనే రాళ్లగుట్టల ప్రాంతంలో మాత్రమే సహజంగా పెరుగుతుంది. శాస్త్రలోకం దాన్ని వర్ణించి పేరు పెట్టింది 1983లో, అంటే నిన్న మొన్నటి మాట. ఆ పేరు కూడా ఆ నేల మీద చివరి వరకు బతికిన వోడ్యెటి అనే ఆదివాసి పెద్దాయన పేరే. చెట్టు అందమైనదే, మొండిదే, కానీ ముప్పై అడుగులు పెరుగుతుంది. మనవైపు అదృష్టం పట్టినవాణ్ణి నక్కతోక తొక్కాడంటారు. నేను తొక్కిన నక్కతోక మాత్రం ప్రహరీ గోడను పగలగొట్టేలా ఉందని, దాన్ని తెనాలి దగ్గర మా తమ్ముడి పొలం గట్టుకు తరలించాను. అక్కడ బాగానే ఉంది. బతికిన ఏడింటిలో దాన్ని కలిపే లెక్క చెప్పాను.

మరో చిన్న సంగతి. గేటు దగ్గర "ఈ మొక్కలు గాలిని శుద్ధి చేస్తాయి: నాసా" అని ఒక పెద్ద బోర్డు పెట్టారు. 1989 నాటి ఆ నాసా ప్రయోగాలు మూసి ఉంచిన చిన్న గాజు గదుల్లాంటి పెట్టెల్లో జరిగాయి, ఇళ్లలో కాదు. ఇలాంటి ప్రయోగాలన్నింటినీ కూడగట్టి 2019లో వెలువడిన ఒక సమీక్ష, కిటికీ సందుల్లోంచి వచ్చే మామూలు గాలితో సమానంగా పనిచేయాలంటే చదరపు మీటరు నేలకు 10 నుంచి 1,000 మొక్కల దాకా కావాలని లెక్క తేల్చింది. మొక్కను అందం కోసం కొనుక్కోవచ్చు, బోర్డును చూసి కొననక్కర లేదు.

అసలు మాట్లాడవలసిన విషయం మట్టిగడ్డ. నా నాలుగు మొక్కలు పోవడంలో ఎండ పాత్ర ఎంతో ఈ మట్టిగడ్డ పాత్రా అంతే, కానీ దీని గురించి నర్సరీ వారు ఒక్క మాట కూడా చెప్పలేదు. అక్కడి మొక్కలన్నీ జిగటగా ఉండే బంకమట్టి గడ్డలో వస్తాయి. లారీలో అంత దూరం కుదుపులకు వేళ్లు కదలకుండా ఉండాలంటే అలాంటి మట్టే కావాలి, ఆ మేరకు వారిని తప్పు పట్టలేం. షేడ్‌నెట్ కింద, రోజుకు రెండు పూటలా పైపుతో తడుపుతూ ఉన్నంత కాలం ఆ గడ్డ మెత్తగానే ఉంటుంది. మనం దాన్ని తెచ్చి కొబ్బరిపొట్టు, ఇసుక, పశువుల ఎరువు కలిపిన గుల్ల మట్టిలో పెడతాం. చుట్టూ ఉన్న గుల్ల మట్టి నీటిని చప్పున కిందికి వదిలేస్తుంది, నడుమనున్న బంకమట్టి ఒకసారి ఎండిందంటే ఇటుకలా బిగుసుకుని నీటిని లోపలికి రానివ్వదు. నీళ్లు పోయగానే కుండీ అడుగు నుంచి కారుతుంటే మొక్క తాగిందనుకుంటాం, నిజానికి ఆ నీరు గడ్డ పక్కగా జారిపోయిందే గాని వేళ్లకు అందలేదు. నా చామడోరియా మొక్క ఒకటి చచ్చాక కుండీ బోర్లించి చూస్తే, పైన, పక్కన మట్టి తడిగానే ఉంది. నడుమ గడ్డను సుత్తితో కొడితే పొడి రాలింది.

ఇది తెలిశాక మిగతా మొక్కలకు నేను చేసింది చాలా సులభమైన పని. వారానికి ఒకసారి కుండీని పెద్ద తొట్టిలో ఉంచి, బుడగలు రావడం ఆగే వరకు నాననిచ్చాను. తొలకరి తరువాత, గాలిలో తేమ ఉన్న రోజుల్లో, గడ్డ చుట్టూ పై పొరను వేళ్లు తెగకుండా నీటి ధారతో కరిగించి, సగం నేల మట్టి, సగం ఇసుక-కంపోస్టు ఉన్న మిశ్రమంలోకి మార్చాను. పామ్ వేళ్లు మామిడి, నిమ్మ వేళ్ల వంటివి కావు. కాండం అడుగు నుంచి ఒకే లావున పుట్టి, పుట్టిన లావులోనే చివరి వరకు ఉంటాయి, కొబ్బరి మొదలు చూసినవారికి ఇది తెలిసిన రూపమే. అందుచేత గడ్డను చేత్తో పగలగొట్టి వేళ్లను తెంచితే కోలుకోవడానికి నెలలు పడుతుంది. నర్సరీ వారు ఇంటికి పంపిన మాలి సరిగ్గా ఆ పనే చేశాడు. పైగా మొక్క నిలబడడం లేదని కాండాన్ని నాలుగు అంగుళాలు లోతుకు పాతాడు. మొదలు మట్టిలో కూరుకుపోతే కింది వేళ్లకు గాలి ఆడదు, మొక్క రెండు మూడు నెలలు పచ్చగానే ఉండి తరువాత ఉన్నట్టుండి వడలిపోతుంది. కవరులో ఏ మట్టం వరకు మట్టి ఉందో కుండీలోనూ అదే మట్టం ఉండాలని ఆ మాలికి నేనే చెప్పవలసి వచ్చింది. కుండీకి వంద చొప్పున తీసుకునే ఆ సేవ మాత్రం ఎవరికీ సిఫారసు చేయను.

ఇక మొక్కల వారీగా చూస్తే, ఈ నర్సరీలో కళ్లు మూసుకుని కొనదగినది రాపిస్. దీన్ని లేడీ పామ్ అని కూడా అంటారు. దక్షిణ చైనా, ఉత్తర వియత్నాం ప్రాంతాల మొక్క, జపానులో వందల ఏళ్లుగా కుండీల్లో పెంచుతున్నారు. వెదురు గడల్లా సన్నని కాండాలు గుంపుగా లేచి, ఒక్కో దాని కొసన చేతివేళ్లు చాచినట్టు ఆకులు విచ్చుకుంటాయి. శ్రావణంలో రెండు కొన్నాను. రెండింటినీ ఉత్తరపు సందులో ఉంచాను. రెండు వేసవుల్లో కొసలు కాస్త మాడడం తప్ప మరే బాధా కలగలేదు. ఎదుగుదల నెమ్మది, ఏడాదికి ఒక కాండానికి మూడు నాలుగు ఆకులు వస్తే గొప్ప. ధర ఎక్కువగా ఉండడానికి కారణం కూడా అదే. నేరుగా ఎండలో పెడితే ఆకు పాలిపోయి పసుపెక్కుతుంది. నర్సరీలో వీటిని ఎండ పడే ముందు వరుసలో, చూపరుల కోసం ఉంచారు. వెనక నీడలో ఉన్న వాటినుంచి ఏరుకోవడం మంచిది.

అరెకా మూడూ బతికాయి. వీటి విషయంలో కొనేవారు తెలుసుకోవలసినది ఒకటుంది. కవరులో కనిపించే గుబురు ఒకే మొక్క కాదు, గుబురుగా కనిపించడానికి పది పన్నెండు నారును ఒకే కవరులో కలిపి పెడతారు. ఏడాది గడిచేసరికి చోటు చాలక అందులో బలహీనమైనవి నాలుగైదు ఎండిపోతాయి. తెగులేమోనని కంగారుపడి నేను మందు కూడా కొట్టాను, తరువాత తెలిసింది అది వాటిలో వాటి పోటీ అని. మిగిలినవి పిలకలు వేసి మళ్లీ గుబురవుతాయి. మా బోరు నీటికి ఆకు కొసలు గోధుమరంగుకు తిరిగాయి. ఉప్పు పేరుకుని కుండీ అంచున తెల్లటి పొర కూడా కట్టింది. కృష్ణా నీరు వచ్చే మున్సిపల్ కుళాయికి మారి, నెలకొకసారి అడుగు నుంచి ధారగా కారేదాకా నీరు పోసి ఉప్పును కడిగాక కొత్త ఆకులు శుభ్రంగా వచ్చాయి. కింది మట్టల అంచులు పసుపై నడుమ ఆకుపచ్చగా మిగిలితే అది మెగ్నీషియం లోపం, ఎప్సం సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) వేస్తే కొత్త మట్టలకు ఆ పసుపు పాకదు. ముదురు మట్టల మీద నారింజ రంగు చుక్కలు కనిపిస్తే మాత్రం పొటాష్ తక్కువైనట్టు. అప్పుడు చూడడానికి బాగా లేవని ఆ మట్టలను కోసేయకూడదు. మొక్క వాటిలోంచే పొటాష్‌ను లాక్కుని కొత్త మొవ్వుకు పంపుతుంటుంది, కోస్తే ఆకలి పై మట్టకు పాకుతుంది. నర్సరీలో కౌంటరు దగ్గర అన్నింటికీ ఒకటే మందుగా డీఏపీ గుళికలు ఇస్తున్నారు. డీఏపీలో పొటాష్ ఉండదు.

ఫీనిక్స్ పామ్ గురించి మా అత్తగారి మాటతో మొదలుపెట్టాలి. దాన్ని ఆటోలోంచి దించుతుంటే "ఈతచెట్టు ఇంట్లోకి తెచ్చావేమిటే?" అన్నారు. ఆవిడ చూపు సరైనదే. ఫీనిక్స్ రోబెలీనీ అనే ఈ మొక్క మెకాంగ్ నది ఒడ్డున పెరిగే పొట్టి ఈత, మన ఈత, ఖర్జూరం ఉన్న ప్రజాతిలోదే. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని ఆవిడ భయం. ఎదురింటివారు ఏమనుకుంటారోనని వారం రోజులు దాన్ని వెనక పెరట్లోనే ఉంచారు. ఇప్పుడు గేటు పక్కన, కొబ్బరి చెట్టు ఉన్న చోటే ఉంది. మా ఇంట్లో ఉన్న పామ్‌లలో ఎండకు ఏమాత్రం జంకనిది ఇదొక్కటే. నిండా పెరిగినా పది అడుగులు దాటదు. నీళ్లు మాత్రం బాగా తాగుతుంది, నది ఒడ్డు మొక్క కదా. మట్ట మొదట్లో సూదుల్లాంటి ముళ్లుంటాయి, అవి గుచ్చుకుంటే రెండు రోజులు సలుపుతుంది. పిల్లలున్న ఇంటివారికి ఈ ముళ్ల సంగతి అమ్మేటప్పుడే చెప్పడం నర్సరీ బాధ్యత, కానీ చెప్పలేదు, నా వేలికే తెలిసింది.

పోయిన వాటిలో చామడోరియా రెండూ మెక్సికో, గ్వాటెమాలా అడవుల్లో పెద్ద చెట్ల నీడన పెరిగే సుకుమారమైన జాతి. ఏసీ గదిలో కిటికీ పక్కన పెట్టినా, ఏసీ వల్ల గాలి పొడిబారి ఎర్రనల్లి పట్టింది. ఆకు వెనక సన్నటి బూడిద రంగు చుక్కలు, చూడగలిగితే సాలెగూడులాంటి దారాలు ఉంటాయి. నీటి ధారతో ఆకుల అడుగు కడిగి, లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి కొడితే తగ్గేది, పది రోజుల్లో మళ్లీ వచ్చేది. ఒకటి మొదటి వేసవిలో మట్టిగడ్డ వల్ల, రెండోది 2024 మే నెలలో నల్లి వల్ల పోయాయి. ఈ మొక్కను గుంటూరులో అమ్మడం తప్పని అనను గాని, "ఎక్కడైనా పెరుగుతుంది" అని చెప్పి అమ్మడం తప్పే.

లికువాలా కొనడం పూర్తిగా నా మోజు. గుండ్రంగా, మడతలు మడతలుగా, విసనకర్ర కాదు గాని అచ్చం గొడుగులా ఉండే ఆ ఆకును చూస్తే ఎవరికైనా మనసు ఆగదు. అది వనువాటు, సోలమన్ దీవుల తడి అడవుల మొక్క. షేడ్‌నెట్ కింద పొగమంచులాంటి తేమలో పెరిగిన దాన్ని తెచ్చి జనవరిలో వరండాలో పెడితే మార్చి దాకా బాగానే ఉంది. ఏప్రిల్‌లో గాలికి ఆకు మడతల వెంబడి చీలింది, మే వడగాలికి అంచుల నుంచి మాడుతూ లోపలికి వచ్చింది, రోహిణి కార్తె మూడో రోజుకు ఏమీ మిగల్లేదు. 1,400 రూపాయలు. నర్సరీ యజమానికి ఫోటో పంపితే "నీళ్లు ఎక్కువై ఉంటాయమ్మా" అన్నారు. తరువాత వెళ్లినప్పుడు చూస్తే, వారి దగ్గర మిగిలిన లికువాలాలను రెండు వరుసల నెట్ కింద, స్ప్రింక్లర్ పక్కన ఉంచారు. ఆ మొక్కకు ఏం కావాలో వారికి బాగా తెలుసునన్నమాట. దీన్ని నేను ఇంకా మరచిపోలేదు.

బాటిల్ పామ్ సంగతి వేరు. మారిషస్ దగ్గరి రౌండ్ ఐలాండ్ అనే చిన్న దీవి దాని సొంత ఊరు. మనుషులు వదిలిన మేకలు, కుందేళ్లు మొలకలన్నింటినీ మేసేయడంతో ఒక దశలో అక్కడ వేళ్ల మీద లెక్కించగలిగినన్ని చెట్లే మిగిలాయి. ప్రపంచంలోని తోటల్లో మాత్రం లక్షణంగా పెరుగుతోంది. సీసాలా ఉబ్బిన మొదలు, తల మీద ఎప్పుడూ ఐదారు మట్టలే ఉండడం దాని అందం. ఎండను చక్కగా తట్టుకుంది. దాన్ని చంపింది వాన. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట బుడమేరు విజయవాడను ముంచిన ఆ వానలకు మా గేటు పక్క నల్లమట్టిలో నీరు నాలుగు రోజులు నిలిచింది. తరువాత మూడో వారంలో నడిమి మొవ్వు వాడిపోయింది. పట్టుకుని లాగితే కుళ్లిన వాసనతో చేతికి ఊడి వచ్చింది. కొబ్బరి రైతులు మొవ్వుకుళ్లు అనే తెగులు ఇలాగే ఉంటుంది. ఒంటి కాండపు పామ్‌కు ఎదిగే మొగ్గ అదొక్కటే కాబట్టి అది పోతే మొక్క పోయినట్టే. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం పోసి చూశాను, ఆలస్యమైంది. ఇందులో నర్సరీ తప్పు ఏమీ లేదు. నల్లమట్టిలో అడుగున్నర ఎత్తు కట్ట కట్టి, ఇసుక కలిపి, దాని మీద నాటవలసింది, నేను నేల మట్టానికే నాటాను.

సేవ గురించి రెండు మాటలు. ట్రాలీ ఆటోలో గుంటూరు దాకా పంపడానికి 600 తీసుకున్నారు. తాళ్లు బిగించే తీరు బాగుంది, ఒక్క మట్ట కూడా విరగలేదు. దారిలో గాలికి ఆకులు ఎండిపోకుండా పైన తడి గోనె కప్పమని అడిగితే కప్పారు, అడగకపోతే కప్పేవారు కాదు. చచ్చిన మొక్కకు మార్పిడి ఉండదు, అది ముందే చెప్పారు కాబట్టి దాని మీద తగువు లేదు. ఫోనులో సలహా అడిగితే ఎత్తుతారు, కానీ ప్రతి సమస్యకూ సమాధానం నీళ్లు ఎక్కువైనట్టో తక్కువైనట్టో అవుతుంది.

కొబ్బరి చెట్లకు పట్టే సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి వైపు మొదట కనిపించి తరువాత మన కోస్తాకూ చేరిన సంగతి తెలిసిందే. అది ఈ అలంకారపు పామ్‌లనూ వదలదు. మట్ట అడుగున తెల్లటి మైనపు చుట్టలు, కింది ఆకుల మీద జిగురు, దాని మీద నల్లటి మసి కనిపిస్తే అదే. కొనేటప్పుడు ప్రతి మట్టనూ తిప్పి చూడడం నేను అలవాటు చేసుకున్నాను. మూడు విడతల్లోనూ ఈ నర్సరీలో అలాంటి మచ్చ ఒక్కటి కూడా కనిపించకపోవడం వారి పనితనానికి రుజువు, ఎందుకంటే అదే రోడ్డు మీద మరో రెండు చోట్ల చూశాను.

ఆ నర్సరీకి వెళ్లదలచినవారు జనవరిలో వెళ్లకండి. అప్పుడు మొక్కలు అందంగా ఉంటాయి, కానీ అవి వేళ్లూనుకునేలోపే ఎండలు ముదురుతాయి. తొలకరి తరువాత, శ్రావణ భాద్రపదాల్లో కొంటే వేళ్లు పాకడానికి ఎనిమిది నెలల వ్యవధి దొరుకుతుంది. నేను జనవరిలో కొన్న ఐదింటిలో మూడు పోయాయి. శ్రావణంలోను, కార్తికంలోను కొన్న ఆరింటిలో పోయింది బాటిల్ పామ్ ఒక్కటే. "ఎంత ఎత్తు పెరుగుతుంది?" అని అడగకుండా "దీని పెద్ద చెట్టు ఎక్కడైనా ఉందా, చూపించండి" అని అడగండి. ఉంటే నర్సరీ వెనక కాలువ గట్టున ఉంటుంది, అక్కడికి తీసుకెళ్లి చూపిస్తారు కూడా.

ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. మొక్కల ఆరోగ్యానికీ ధరకూ అయితే నాలుగున్నర ఇచ్చేదాన్ని, పేర్లకూ సలహాకూ రెండు కంటే మనసు రావడం లేదు. శ్రావణంలో మళ్లీ వెళ్తున్నాను, పడమటి గోడ పక్కకు ఇంకో ఫీనిక్స్ కావాలి. అత్తగారు ఈసారి తనూ వస్తానన్నారు, ముళ్లు తక్కువున్నది తానే ఏరతారట.